చక్రమంత దోవ

యుద్ధం రోజుల్లో మేము చిత్తూరు చెరువు అవతల, ద్రాక్షతోటలో కాపురముండేవాళ్ళం. తోటమాలీ నేనూ పొద్దున్నే సైకిళ్ళ మీద చెరువుకట్ట దాటి ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళం. నేను బడిలో పాఠాలు చెప్పడానికి, ఆయన ద్రాక్షగంప దించడానికి. కట్టంతా కంకర. ఆయన రోజూ కొంతదూరం దిగి నడుస్తూ, రాళ్ళను కాలితో పక్కకు నెట్టేవాడు. వదిలి పోలేక నేనూ ఆగేవాణ్ణి.

"ఎన్ని రాళ్ళని తీస్తావు పెద్దాయనా? ఆడ బడి గంట కొట్టేస్తారు."

"చక్రమంత దోవుంటే సాలు అయ్యోరా. మనమేమన్నా తేరు లాగాల్నా?" అని నవ్వేవాడు.

'ఈ రోజూ ఆలస్యమే' అని డైరీలో విసుగ్గా రాసుకునేవాణ్ణి.

నా భార్యకు తొలి గర్భం నిలవలేదు. రెండోసారి నెలలు నిండి, ఒక ఉదయం నొప్పులు మొదలైనప్పుడు ఎద్దులబండి దొరకలేదు. ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టి నేను నడిపించాను. పెద్దాయన పక్కనే ఆమెను పట్టుకుని నడిచాడు.

"బయపడాకు తల్లీ, ఈడ రాయి లేదు," అంటూనే ఉన్నాడు.

కట్ట దాటేదాకా చక్రం ఒక్కసారీ ఎగరలేదు.

ఆసుపత్రిలో పాప ఏడుపు విని, ఇంటికొచ్చి డైరీ వెనక్కి తిప్పాను. మొదటి 'ఆలస్యం', నా భార్య రెండోసారి నెల తప్పానని పెద్దాయన భార్యకు చెప్పిన మరునాటిది.