క్లెమ్ చెవుల పెట్టె

మా వీధిలో క్లెమ్ వెర్‌హేగన్ ఇంటికి ఎవరు వెళ్ళినా కూర్చోవడానికి కుర్చీ చూపించడు, అట్టపెట్టె చూపిస్తాడు. కూర్చోబోయే ముందు బరువెంతో అడుగుతాడు. మా చర్చి ఫాదర్ పాపం మొహమాటానికి చెప్పేశారు. ఆదివారానికల్లా ఆయన బరువు ఊరందరికీ తెలిసిపోయింది. ఎలా తెలిసిందని నన్నడక్కండి. నా బరువు మాత్రం నేను ఏనాడూ చెప్పలేదు.

"నన్నెందుకురా, నీ పెట్టెనే అడుగు," అనేదాన్ని.

"పెట్టె నోటితో చెప్పదు లియోనా అత్తా, కూలిపోయి చెప్తుంది," అనేవాడు.

క్లెమ్ పాడి ఆవుల ఇంట్లో పుట్టినవాడు. పెళ్ళయ్యాక ఫాక్స్ నది ఒడ్డున అట్టపెట్టెల మిల్లులో జిగురు యంత్రం దగ్గర పనికి కుదిరాడు. ఆ హోరులో పొద్దంతా నిలబడి ఇంటికొస్తే భార్య అర్డెల్ మాటలు సగమే వినబడేవి. మిగతా సగం వినబడకపోవడమే అతనికి మంచిదని అర్డెల్ అనేది. కానీ నలిగిన పెట్టె కనిపిస్తే చాలు, విప్పి, కోసి, ఎక్కడ ఓడిపోయిందో చూడందే క్లెమ్‌కి అన్నం సహించేది కాదు. అది చూసి మేనేజరు డోర్న్ గారు అతనికి కిటికీ పక్కన ఒక బల్ల ఇచ్చి, కొత్త పెట్టెల నమూనాలు గీయమన్నారు. ఆ కిటికీలోంచి నది కనిపిస్తుంది. ఆ బల్ల గురించి మాట్లాడేటప్పుడు క్లెమ్ మొహం చూడాలి, పసిబిడ్డ గురించి చెబుతున్నట్టుండేది.

ఏదైనా విప్పి చూపిస్తే తప్ప ఊరుకోని దాన్ని కనుక, ఒకరోజు అట్ట ముక్క చీల్చి నాకూ చూపించాడు. రెండు చదును కాగితాల మధ్య అలలు అలలుగా మడిచిన కాగితం.

"ఈ అలలు నిలువుగా ఉంటే స్తంభాలు, అడ్డంగా పడుకుంటే చాపలు. ఇక పెట్టె బలమంతా మూలల్లోనే ఉంటుందత్తా. మూల మీద ఎంతైనా మోస్తుంది. నడుము మీద మోపితే మన నడుములాగే వంగిపోతుంది."

"మన అనకు, నాది బాగానే ఉంది," అన్నాను.

ఆ ఏడాది చలికాలంలో వచ్చింది చిక్కు. మా ఊరి పాడి రైతుల చీజ్ సంఘానికి క్లెమ్ గీసిన పెట్టెలే వెళ్ళేవి. చల్లగదిలో పేర్చిన కొద్దిరోజులకే అడుగు వరస పెట్టెలు ఉబ్బి, పైవన్నీ ఒరిగిపోవడం మొదలుపెట్టాయి. అట్ట మందం పెంచాడు. కూలాయి. చెమ్మ పట్టకుండా మైనం పూయించాడు. మళ్ళీ కూలాయి. డోర్న్ గారు మంచివాడే, కానీ పైవాళ్ళు ఆయన్నీ పీక్కుతింటున్నారు.

"వసంతం సరుకు కూడా కూలిందంటే ఆ సంఘం మనకు దక్కదు క్లెమ్. అప్పుడు నీ బల్ల ఉంచలేను. మళ్ళీ జిగురు యంత్రం దగ్గరికి పంపాల్సొస్తుంది," అన్నారట.

క్లెమ్ ఇంటి నేలమాళిగంతా పెట్టెల దొంతరలతో నిండిపోయింది. మూల మీద మూల వచ్చేలా ఒకదాని మీద ఒకటి నిటారుగా పేర్చి, పైన ఉప్పు బస్తాలు ఎత్తి, చెమ్మ కోసం చుట్టూ తడి తువ్వాళ్ళు వేలాడదీసేవాడు. వారాలు గడిచినా ఒక్కటీ వంగలేదు.

"ఇక్కడ నిలబడ్డది అక్కడెందుకు కూలుతోంది?" అని తల పట్టుకునేవాడు.

"అక్కడ నీ పోరు లేదు కదా, నిశ్చింతగా పడుకుంటున్నాయి," అనేది అర్డెల్. అని, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకునేది. అది నేను చూశాను.

శుక్రవారం పొద్దున నేను సంఘానికి తాజా చీజ్ ముక్కల కోసం వెళ్తాను. పళ్ళ కింద కిచకిచమనాలంటే చేసిన రోజే తినాలి. చల్లగది తలుపు తీసి ఉంటే ఎవరైనా లోపలికి తొంగిచూస్తారు కదా, నేనూ చూశాను. అక్కడ పేర్చే పని మా మరిది ఎల్మర్‌ది.

"వదినా, చీజ్ కావాలా, చల్లగదిలో కాపురం కావాలా?" అన్నాడు.

"నీ పనితనం చూస్తున్నానయ్యా. చక్కగా పేర్చావు," అన్నాను. నిజంగానే ముచ్చటేసింది.

ఆ సాయంత్రం చర్చి హాల్లో ఊరందరితో కలిసి చేపల వేపుడు తింటున్నాం. క్లెమ్ పళ్ళెం ముట్టలేదు. కాస్త హుషారు చేద్దామని అందుకున్నాను.

"నీ పెట్టెల్ని మా ఎల్మర్ ఎంత ముద్దుగా పేర్చాడనుకున్నావురా! ఒక వరస నిలువుగా, దాని మీది వరస అడ్డంగా. అచ్చం మా నాన్న కొట్టంలో గడ్డి మోపులు పేర్చినట్టే."

క్లెమ్ గబుక్కున నా వైపు తిరిగాడు. "మళ్ళీ చెప్పు."

చెప్పాను.

"అయ్యో అత్తా! అడ్డంగా పెడితే పైపెట్టె మూల కిందిదాని నడుము మీద పడుతుంది!" అని నవ్వడం మొదలుపెట్టాడు. "ఎల్మర్‌ననడానికి లేదు. పెట్టెలు గీసే పని లేకపోతే నా చేతులూ అలాగే పేర్చేవి."

మర్నాడే వెళ్ళి నిటారుగా పేర్చమని అడిగాడు. ఎల్మర్ ససేమిరా అన్నాడు.

"ఒకదానితో ఒకటి ముడిపడకపోతే సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి తగిలిందంటే మొత్తం నా నెత్తిన పడుతుంది. మోపులు పేర్చడం నేర్పిన మా నాన్న చూస్తే సమాధిలోంచి లేచొచ్చి తంతాడు."

క్లెమ్ వాదించలేదు. ఎల్మర్ భయం నిజమే అన్నాడు. బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. చేతుల అలవాటు మార్చడం కుదరదు కనుక పెట్టెనే మార్చాలనుకున్నాడు. కొన్నాళ్ళకు పెట్టెకు చెవులు మొలిచాయి. పైన అటూ ఇటూ నిలబడిన అట్ట చెవులు, అడుగున వాటికి సరిపడా చీలికలు. నిటారుగా పెడితే చెవి చీలికలో దూరి పై పెట్టెను పట్టుకుంటుంది. అడ్డంగా పెడితే అసలు కూర్చోదు.

వసంతం సరుకు వచ్చినరోజు నేనూ వెళ్ళాను, చీజ్ కోసమే. ఎల్మర్ అలవాటు కొద్దీ రెండో వరసను అడ్డంగా దింపాడు. పెట్టె ఊగింది. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, చివరికి నిటారుగా పెట్టేసరికి టక్కున కూర్చుంది. దొంతర పూర్తయ్యాక భుజంతో ఒక్క తోపు తోశాడు. కదల్లేదు.

"గాడిద చెవులు పెట్టావు కదరా!" అన్నాడు.

"నిన్ను చూసే గీశా," అన్నాడు క్లెమ్.

ఆ సరుకు వేసవి దాకా నిలబడింది. బల్ల కిటికీ పక్కనే ఉంది. సరుకు ఖాళీ అయిన సాయంత్రం క్లెమ్ అన్నిటికన్నా అడుగున ఉన్న పెట్టెను మా వసారాలోకి మోసుకొచ్చాడు. మూలలు నాలుగూ కొత్తవాటిలాగే ఉన్నాయి.

"కూర్చో అత్తా."

ఈసారి బరువు అడగలేదు. అడగనందుకేమో, నేనే అతని చెవిలో చెప్పి కూర్చున్నాను.

క్లెమ్ వంగి నాలుగు మూలలూ జాగ్రత్తగా చూశాడు. "కాస్త తగ్గించి చెప్పావత్తా," అన్నాడు. "అయినా పరవాలేదు, మోస్తోంది."