రెండూళ్ల పల్లేరుకాయలు

మా పుట్టిల్లు నంద్యాల, మెట్టినిల్లు ఆళ్లగడ్డ. రెండుచోట్లా పల్లేరుకాయలు ఒకేలా ఉండవని పెళ్లయిన కొత్తలోనే నాకు అనిపించింది. నంద్యాల నల్లరేగడిలో కాయ పెద్దది, ముళ్లు పొడవు. ఆళ్లగడ్డ ఎర్రగరుసు నేలలో కాయ చిన్నది, ముళ్లు పొట్టి. పల్లేరుకాయ ఎండితే ముక్కలుగా విడిపోతుంది. విత్తనాలు ఆ ముళ్లముక్కల్లోనే ఉంటాయి. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి, నా అనుమానం నిజమో కాదో కొలిచి చూడాలనుకున్నాను.

రెండూళ్ల చేలగట్ల మీదా తిరిగి కాయలు ఏరుకొచ్చి, ఆళ్లగడ్డలో మా వరండాలో రెండు చేటల్లో ఆరబెట్టాను. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి చేటలు ఖాళీగా గోడకు ఆనించి ఉన్నాయి.

"అత్తా, చేటల్లో కాయలు యాడ?"

"ముండ్లు గదమ్మీ. ఎవరి కాలికన్నా దిగుతాయని అన్నీ ఒక డబ్బాలో పోసి పైన పెట్టినా. పారేయలేదులే."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "రెండూళ్లవీ కలిపేస్తిరా? ఇంగ ఏది ఏ ఊరిదో ఎట్ల తెలిసేది?" అని కాస్త గట్టిగానే అన్నాను.

ఆమె డబ్బా దించి, కాయలు పేపరు మీద పోసి, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. నేనూ పక్కన చేరాను. పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు వేస్తూ పోయాం. అటూ ఇటూ కానివే ఎక్కువ మిగిలాయి. ఒక కాయను నేను నంద్యాలదంటే ఆమె ఆళ్లగడ్డదంది. వాదించుకుని వాదించుకుని చివరికి ఇద్దరికీ నవ్వొచ్చింది.

"ఆదివారం మళ్లా ఏరుకొద్దాం పా. నేనూ వస్తా."

మా మామ పోయాక ఆమె గుడికి తప్ప గడప దాటింది లేదు. ఆ ఆదివారం శిల్పాలు చెక్కే షెడ్లు దాటి, కొండవైపు గరుసు నేలలో నాతోపాటు వంగి కాయలు ఏరింది. తర్వాతి వారం బస్సెక్కి నంద్యాలకూ వచ్చింది.

"ఏం వదినా, ముండ్లు ఏరేదానికి ఇంత దూరం వచ్చినావా?" అంది మా అమ్మ.

"నీ బిడ్డ ఏం పని చేస్తాందో చూడాల గదా" అంది అత్త.

ఈసారి కొలిస్తే తేడా కనిపించింది, అన్నిట్లో కాదుగానీ చాలావాటిలో. అది నేల వల్ల వచ్చిందా, విత్తనంలోనే ఉందా? తెలుసుకుందామని రెండూళ్ల విత్తనాలనూ నల్లమట్టి నింపిన కుండీల్లో వేశాను. రోజూ నీళ్లు పోసింది అత్తే.

"పల్లేరుకు నీళ్లు పోస్తాండావా అక్కా?" అని పక్కింటావిడ నవ్వితే, "కాయ కాయనీ, నీకూ ఇస్తా" అనేది.

పసుపు పూలు పూసి, కాయలు ఎండాయి. ఆళ్లగడ్డవి కొంచెం పెద్దవయ్యాయి, కానీ ముళ్లు పొట్టిగానే ఉన్నాయి. నేలది కొంత, విత్తనానిది కొంత అని నాకు అర్థమైంది. అత్తకు అదే మాట చెప్పాను. ఆమె ఒక కాయ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మహానంది పక్క ఎట్లుంటాయో? ఆడ నీళ్లెక్కువ గదా."

వారం తిరక్కుండా మహానంది బస్సులో ఉన్నాం. కిటికీ పక్క సీటు ఆమే తీసుకుంది.