తిమ్మక్క పొరక కింద ఇండ్లు

గూళూరు దాటాక వచ్చే నరసింహస్వామి గుట్ట మీద తిమ్మక్క పన్నెండేళ్లలో కూలగొట్టినన్ని ఇండ్లు ఏ భూకంపమూ కూలగొట్టి ఉండదు.

గుడి వెనక బండ మీద రాయి మీద రాయి పేరిస్తే సొంతిల్లు కడతారని భక్తుల నమ్మకం. బెంగళూరు నుంచి సుమోల్లో వచ్చినవాళ్లు మూడంతస్తులు పేర్చి, కారు షెడ్డుకని పక్కన ఇంకో రాయి పెట్టేవారు. గుడి ఊడ్చే తిమ్మక్క మర్నాడు పొద్దున్నే అన్నిటినీ నున్నగా ఊడ్చేసేది. లేకపోతే కాలు పెట్టే చోటుండదు.

"పాపం కాదామ్మా?" అని ఎవరైనా అడిగితే, "స్వామి నిన్ననే చూసేసుంటాడులేప్పా. ఆయనేమన్నా మేస్త్రీనా, దినామూ వచ్చి రాళ్లు చూసేకి?" అనేది.

తను మాత్రం ఒక్క రాయీ పేర్చలేదు. తమ్ముడి పెరట్లో రేకుల కొట్టంలో ఉండేది. వానొస్తే గిన్నెలన్నీ కారే నీళ్లకే సరిపోయేవి, వంటకు మిగిలేవి కావు. సర్కారు పేదలకు కట్టిచ్చే ఆశ్రయ ఇంటికి అర్జీ ఇచ్చి ఎనిమిదేళ్లయింది. ఏటా ఇండ్లొచ్చేవాళ్ల పట్టీలో ఆమె పేరు ఎక్కేది, పంచాయితీ మెంబరు లక్ష్మణప్ప చెయ్యి పడ్డాక ఎగిరిపోయేది.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు. మా పూజారి పాపం నోట్లో నాలుక లేనోడు. అడ్డమొచ్చేది ఈ మెంబరే" అని ఒళ్లు మండిపోయేది తిమ్మక్కకు.

2003లో ఒక శ్రావణ శనివారం ఆ లక్ష్మణప్పే పెళ్లాంతో గుట్టెక్కాడు. చిక్కబళ్ళాపురంలో సైటు కొన్నాడట. ఒగరుస్తూ నాలుగంతస్తులు పేర్చి, దండం పెట్టుకుని తలెత్తితే ఎదురుగా పొరకతో తిమ్మక్క.

"దీన్ని ఊడవొద్దు తిమ్మక్కా."

"ఊడిచేదే నా పని గదప్పా. రేపు పొద్దున్నే ఊడుస్తా."

మెంబరు కన్నా ముందు ఆయన పెళ్లాం ముఖం పాలిపోయింది. "ఇంకా పునాది కూడా తియ్యలేదు" అని మొగుడి చెవిలో గొణిగింది.

"ఏం చేయమంటావు?" అన్నాడు లక్ష్మణప్ప.

"నీ ఇల్లు నా పొరక కింద ఉండాది, నా ఇల్లు నీ పట్టీలో ఉండాది. నాది లేచిందాకా నీది నిలబెడతా."

"కోతులు పడేస్తే?"

"మళ్లా పేరుస్తాలేప్పా. కోతులు నీకు ఓటెయ్యలేదు, వాటికి నీ మీద కోపమేముంటాది?"

ఇచ్చిన ఆ మాట కోసం తిమ్మక్క పడిన పాట్లు స్వామికే తెలుసు. మిగతా భక్తుల ఇండ్లన్నీ ఊడ్చేసి, ఆ నాలుగు రాళ్ల చుట్టూ మాత్రం నిద్రపోయే బిడ్డ చుట్టూ ఊడ్చినట్టు ఊడ్చేది. కోతులు పడేసినప్పుడల్లా వాటినీ మెంబరునీ కలిపి తిట్టుకుంటూ పేర్చేది. పగవాడి ఇంటికి మేస్త్రీ అయినందుకు ఒక్కోసారి ఏడుపొచ్చేది.

ఉగాదికి ఆమె ఇల్లు లేచింది. ఒక్కటే గది. తొలి వాన కురిసిన రోజు, గిన్నెలన్నీ ఖాళీగా ఉండటం చూస్తూ వంట సంగతే మరిచిపోయి కూర్చుంది. ఆమెకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు గుట్టెక్కి, అందరి ఇండ్లకన్నా ముందు ఆ నాలుగంతస్తులనే ఊడ్చి పారేసింది. నడుం నిటారు చేసుకుని గర్భగుడి వైపు చూసింది.

"నాది లేచిందాకా అన్నాను గద స్వామీ. లేచింది."