ఎడమ బూటు ఎక్కడ?

మా బూట్లాయన మీటింగుకి రెండు బూట్లతో వెళ్లి, ఒక్క బూటుతో బయటికొచ్చే రకం.

కూర్చోగానే బల్ల కింద రెండూ విప్పేసేవారు. కాసేపటికి ఎడమది మాయమయ్యేది. "అయ్యో, నా బూటు!" అని కేక పెట్టేవారు. ఇక సూట్లు వేసుకున్న మహామహులంతా బల్ల కింద దూరాల్సిందే. కంపెనీలు ఎలా నడపాలో లోకానికి సలహాలు అమ్ముకునే పెద్ద కన్సల్టింగ్ కంపెనీ మాది. అందులో అందరికంటే సీనియర్ సలహాదారు ఈయన.

డైరెక్టరుగారు తల పట్టుకునేవారు.

"లేసులున్నవి వేసుకోకూడదా సార్?"

"వంగి కట్టుకుంటే నడుం పట్టేస్తుందయ్యా."

"మరి బల్ల కింద దూరుతున్నారుగా?"

"అందుకే పట్టేసింది."

ఒకసారి ఏకంగా క్లయింటు బూటు తొడుక్కుని ఇంటికెళ్లిపోయారు. మర్నాడు ఆ క్లయింటు కుంటుకుంటూ వచ్చి, "మీ సలహా సరిపోయింది గానీ, మీ బూటు మరీ వదులండీ" అన్నాడు.

నా ఉద్యోగం ఖాయం కావాలంటే ఒక ఫ్యాక్టరీ యజమానురాలి ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి. తడబడితే ఇంటికే అని డైరెక్టరుగారు ముందే చెప్పేశారు. నేను వెళ్లి బూట్లాయన్ని బతిమాలుకున్నాను.

"మీకు దండం పెడతాను సార్, ఇవాళ ఒక్కరోజూ విప్పకండి."

"ఛఛ, విప్పుతానా?" అన్నారు. అప్పటికే మేజోళ్లతో ఉన్నారు.

మూడో స్లైడు దగ్గర యజమానురాలు చెయ్యెత్తి ఆపింది. "ఈ గోడౌన్ మూసెయ్యమంటున్నారు. మరి సరుకంతా నా నెత్తిన పెట్టుకోనా?"

నేను తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. డైరెక్టరుగారు పెన్ను మూత తీశారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"అయ్యో, నా బూటు!"

ఒళ్లు మండిపోయింది. తిట్టుకుంటూ అందరితో పాటు బల్ల కింద దూరాను. తీరా చూస్తే బూటు ఆయన కాలి పక్కనే ఉంది! నేను చెయ్యి చాచేలోపు ఆయన దాన్ని ఒక్క తన్ను తన్నారు. అది జర్రున జారి అవతలి కొసకి పోయింది.

"సార్!"

"ష్! వాళ్లని వెతకనీ. రెండో గోడౌన్ సగం ఖాళీగా ఉందని పొద్దున లిఫ్టులో నాకు చెప్పావా లేదా?"

"చెప్పాను."

"అదే ఆవిడకి చెప్పు. ముందు కాస్త ఊపిరి పీల్చుకో తల్లీ."

పైకి లేచి చెప్పాను. యజమానురాలు తలూపింది. డైరెక్టరుగారు దుమ్ము దులుపుకుంటూ లేచి, ఒక చేత్తో బూటు పట్టుకునే రెండో చేత్తో నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ బూటు పోయినప్పుడల్లా ఎవరో కొత్తవాళ్లు నీళ్లు నములుతూ నిలబడి ఉండేవాళ్లు. ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. ఆ సంతోషంలో వెళ్లి ఆయనకి మెత్తటి కొత్త బూట్లు కొనుక్కొచ్చాను.

ఆయన తొడుక్కుని, ఎడమకాలు గట్టిగా విదిలించి చూశారు. బూటు కదల్లేదు.

"బాగున్నాయమ్మా, కానీ ఊడి రావట్లేదు. ఒక సైజు పెద్దవి పట్రా. సోమవారం కొత్తవాళ్లు చేరుతున్నారు."