తడపని నవారు

నిన్న వాకిట్లో వేసిన నవారు మంచం వానకి తడిసింది. లోపలికి లాగుతుంటే పట్టె కిర్రుమంది. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది. తొంభైల్లో, ఆత్మకూరులో, దావీదు మేస్త్రి కొట్లో మొదటిసారి విన్నాను దాన్ని.

మేస్త్రిది ఉదయగిరి. ఆత్మకూరు బస్టాండు వెనక మంచాలు నేసే కొట్టు పెట్టుకున్నాడు. ఇంటరు తప్పి ఇంట్లో తిట్లు తింటున్న నన్ను పనిలో పెట్టుకుని నేత నేర్పాడు. ఆయనకో పట్టింపు ఉండేది. కొత్త నవారు ఏదైనా సరే, రాత్రంతా తొట్లో నానబెట్టి, ఎండలో ఆరేశాకే ఎక్కించాలి. నేత పూర్తయ్యాక దాని మీద ముందు నేసినవాళ్ళే కూర్చోవాలి. ఇదంతా చాదస్తమని నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

ఒకరోజు సోమశిల జలాశయం వైపు సర్కారు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ట్రాక్టరు మీద ఒక వింత పడవ తెచ్చింది. రెండు సన్నటి దోనెలు, వాటిని కలుపుతూ రెండు సరుగుడు కర్రలు. మధ్యలో పరిచిన చెక్కలు పుచ్చిపోయాయి.

"చెక్కలైతే బరువు మేస్త్రీ. మంచం మాదిరి నేసియ్యి. గురువారం పిల్లకాయలకి సూదులెయ్యను నీళ్ళ అవతలికి పోవాల," అంది.

మేస్త్రి ఆ పని నాకే అప్పజెప్పి దుత్తలూరులో పెళ్ళికి వెళ్ళాడు. గురువారం తరుముకొస్తోంది. నానబెడితే రోజులు పోతాయని పొడి నవారే ఎక్కించేశాను. కాలితో తన్నిపట్టి మరీ బిగించాను. వేలితో కొడితే డప్పులా మోగింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

బుధవారం మేస్త్రి వచ్చి చూశాడు. రెండు బిందెల నీళ్ళు దాని మీద కుమ్మరించాడు. మేం టీ తాగుతుండగా తడిసిన నవారు కుంచించుకుని బిగుసుకోసాగింది. కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. ఫెళ్ళున సరుగుడు కర్ర చీలింది. కర్ర ఇంకా చీలిపోకుండా మేస్త్రి కత్తి తీసి, నా నాలుగు రోజుల నేతని ఈ చివర నుంచి ఆ చివరకి కోసేశాడు. పడవ కోసం అప్పుడే వచ్చిన నర్సమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏంది మేస్త్రీ ఇది? రేపు నేనెట్టా పోయేది?"

"తప్పు నాదేమ్మా. తడపకుండా నేసినాను. ఈ వారానికి రోడ్డు మీద చుట్టూ తిరిగి పో," అన్నాడు. నా వైపు చూడనైనా లేదు. తిడతాడని కాచుకుని ఉన్నదాన్ని, నిర్ఘాంతపోయాను. తిట్టినా బాగుండేది.

మరుసటి వారం కొత్త కర్రకి, నానబెట్టిన నవారుతో మళ్ళీ నేశాను. సోమశిల ఒడ్డున నర్సమ్మ ఎక్కబోతే మేస్త్రి ఆపాడు. "ముందు నేసినోళ్ళు," అని నన్ను ఎక్కించి, పక్కన తనూ కూర్చున్నాడు. పడవవాడు తెడ్డు వేశాడు. నవారు సందుల్లోంచి నల్లటి నీళ్ళు కనబడుతున్నాయి. నడిమధ్యకి వచ్చాక మేస్త్రి అడిగాడు.

"అమ్మాయ్, నీకు ఈత వస్తాదా?"

"రాదు మేస్త్రీ."

"నాకూ రాదు."

"మరెందుకు ఎక్కినావు?" అన్నాను.

"నువ్వు తొట్లో నానేసేది చూసినాను గదా," అన్నాడు.

మేస్త్రి పోయి చాలా ఏళ్ళయింది. కొట్టు ఇప్పుడు నేను నడుపుతున్నాను. ప్లాస్టిక్ నవారు వచ్చాక నానబెట్టే పనే తక్కువ. అయినా నేసిన ప్రతిదాని మీదా ముందు నేనే కూర్చుంటాను. కూర్చున్న ప్రతిసారీ కింద ఆ నల్లటి నీళ్ళే కనబడతాయి. ఈత మాత్రం ఇప్పటికీ నేర్చుకోలేదు.