పేరు లేని చాటింపు

మొదట ఒక్క దెబ్బ వినిపించింది. తడిసిన గోడ మీద అరచేత్తో చరిచినట్టు మెత్తగా, కొస లేకుండా. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మాదిగ వాడలో బోళ్లు తోముతున్న ఆడవాళ్లు చేతులు ఆపి చెవులు అటు పెట్టారు. మళ్లీ ఇంకో దెబ్బ. తోలు ఇంకా బిగుసుకోలేదని ఆ వాడలో పసిపిల్లలకైనా తెలిసిపోతుంది. ఎవరో గడ్డిమంట మీద డప్పు కాపుతున్నారు. ఊళ్లో చావు లేదు, పెళ్లి లేదు, పండుగ అసలే లేదు. చలిపొద్దు వాలుతున్న వేళ ఈ డప్పు ఎవరి కోసమో ఎవరికీ అర్థం కాలేదు.

అర్థమైన మనిషి ఇంటి వెనక, మంట ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని పేరు రాయమల్లు. చెన్నూరు దాటి గోదావరి వైపు పోతే తగిలే ఆ ఊరికి చాటింపు వేసేది అతనే. తప్పిపోయిన మేక దగ్గర్నుంచి పశువుల సూదుల దాకా ఊరి సంగతులన్నీ ఆ గొంతులోంచే ఊళ్లోకి వచ్చేవి. మనిషి సన్నం, గొంతు పెద్దది. ఆ గొంతు వెనక ఒక భయస్తుడు దాక్కుని ఉన్నాడని భార్య సత్తవ్వకు తప్ప ఎవరికీ తెలియదు. కుక్క మొరిగితే ఉలిక్కిపడతాడు. ఖాకీ బట్ట కనబడితే తోవ మార్చుకుంటాడు. అలాంటి మనిషి ఆ సాయంత్రం డప్పు కాపుతుంటే, మంట వెచ్చదనం చేతులదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. లోపల అంతా చల్లగా ఉంది.

భయం ఆ రోజు పుట్టింది కాదు. కూతురు వందన కరీంనగర్‌లో పీజీ ముగించుకుని ఇంటికి వచ్చిన రోజునే అది గడప దాటి లోపలికి వచ్చి, గడంచె మంచం పక్కన కూర్చుంది. కాలేజీలో పిల్లలు ఆమెను బొగ్గు అని పిలిచేవారట. మొదట ఏడ్చింది. తర్వాత తనలాంటి వాళ్లను ఇంకొందరిని పోగేసుకుంది. 'నల్లగున్నం, ఐతేంది?' అని చొక్కాల మీద అచ్చు వేయించుకుని వాళ్లంతా ఊరేగింపులు చేశారు. ఊరికి వచ్చాక వాడ పిల్లలతో నల్లమట్టి యువజన సంఘం పెట్టింది.

ఒకరోజు తండ్రికి ఫోన్లో ఒక వీడియో చూపించింది. నల్లటి మనుషులు, అంతా ఆ వయసు పిల్లలే, పిడికిళ్లు ఎత్తి రోడ్డు నిండా నడుస్తున్నారు.

"గీళ్లు ఏ బాయి మీద పనోళ్లు బిడ్డా? మన అంతయ్య మామ డ్యూటీ దిగి పైకొచ్చినట్టే ఉన్నరు!" అన్నాడు రాయమల్లు. సత్తవ్వ తమ్ముడు అంతయ్య మందమర్రిలో బొగ్గుబావిలో దిగే మనిషి.

వందన పడిపడి నవ్వింది. "బాయి పనోళ్లు కాదు బాపు. అమెరికా. అక్కడ నల్లోళ్లను సుత మనలెక్కనే దూరం పెట్టిండ్రు."

"మరి గట్ల రోడ్డు మీదికొస్తే కొట్టరా?"

"కొడుతరు."

"కొడుతరని తెల్సే వచ్చిండ్రా?"

"తెల్సే వచ్చిండ్రు బాపు."

ఆ మాటకు రాయమల్లు ఫోన్లోంచి చూపు తీసేశాడు. కూతురు పిడికిలి ఎంత చిన్నదో అప్పుడే మొదటిసారి గమనించినట్టు చూశాడు.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. ఊరి పెత్తనమంతా గ్రామాభివృద్ధి కమిటీది. కమిటీ పెద్ద సదానందం. ఆయన తన పొలంలో పనిచేసే మనిషి భార్యను నిలబెట్టి ఏకగ్రీవం చేయాలనుకున్నాడు. వందన పోటీగా నామినేషన్ వేసింది. వెనక్కి తీసుకోమని కబురొచ్చింది. తీసుకోలేదు. గడువు దాటిపోయింది. మర్నాడు పొద్దున్నే రాయమల్లును కమిటీ ఇంటికి పిలిచారు.

రాయమల్లు చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు. సదానందం కుర్చీలో కూర్చుని చాయ్ ఊదుకుంటున్నాడు.

"ఏందిరా రాయమల్లు, నీ బిడ్డ సర్పంచ్ అయితదట గద. ఇగ నేనే నీకు దండం పెట్టాల్నా?"

"గట్లెందుకంటరు పటేలా."

"నేనంటలేను, గోడల మీద నీ బిడ్డ అంటించిన పోస్టర్ అంటుంది. ఊరంత ఒక్క మాట మీదికొచ్చినంక గా పిల్ల అడ్డమొచ్చె. సరే, ఊరిని కాదన్నోళ్లతోని ఊరికేం పని? పొద్దుగూకంగ డప్పు కొట్టి సాటు. రాయమల్లు ఇంటికి ఎవ్వలు ఉప్పు పప్పు అమ్మొద్దు. ఆటో ఎక్కించుకోవద్దు. పనికి పిలువద్దు. మాట్లాడొద్దు. మాట్లాడినోళ్లకు జుర్మానా. ఇన్నవా?"

పక్కన సదానందం కొడుకు ఫోన్ తీశాడు. "గింతదానికి డప్పెందుకు బాపు? గ్రూపుల ఒక్క మెసేజ్ పెడితే అయిపాయె."

"మెసేజ్ పెట్టినందుకే పక్కూరోళ్లు ఠాణా చుట్టూ తిరుగుతున్నరు. కాగితం మీద పెడితే కేసు, ఫోన్ల పెడితే కేసు. డప్పు సప్పుడు గాలిల పోతది, దాన్నెవ్వలు పట్టుకుంటరు?" అని కొడుకును కసిరి, ఇటు తిరిగాడు. "రాయమల్లూ, కమిటీ పేరు రావద్దు. నా పేరు అసలే రావద్దు. ఉత్తగ సంగతి చెప్పి ముంగటికి నడువు."

"పటేలా... అది నా ఇల్లే గద."

"వేరేటోళ్ల ఇల్లయితే గింత మజా ఏముంటదిరా!" ఎవరో అన్నారు. కుర్చీలన్నీ నవ్వాయి.

చాటకపోతే ఏమవుతుందని రాయమల్లు అడగలేదు. సదానందమే చెప్పాడు. "సాటకపోతే నీ ఒక్క ఇల్లు కాదు, వాడంత బంద్. అందరి పొయ్యిల నీళ్లు పోస్తవో, నీ పొయ్యిలనే పోసుకుంటవో, ఆలోచన చేస్కో."

ఇంటికొచ్చి సంగతి చెబితే వందన భగ్గుమంది. "సాటకు బాపు. అది నేరం. ఫిర్యాదు ఇద్దాం."

"ఎవ్వల మీదిస్తవ్? నాకు చెప్పంగ ఇన్నోళ్లంత వాళ్లోళ్లే. రేపు మేం అనలేదంటరు. నీతోని తిరిగే పిల్లల ఇండ్లల్ల సుత పొయ్యి ఆరిపోతది. ఆళ్ల అవ్వలకు నేనేం మొకం జూపియ్యాలె?"

సత్తవ్వ భర్త చేతుల వైపు చూసి అంది. "గా వణుకుడు చూస్తే పుల్ల వట్టుకునే పని లేదు. డప్పు దానంతటదే మోగుతది."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట అన్న ఆమె కూడా నవ్వలేదు. లేచి పోయి ఇంట్లో ఉన్న బియ్యం డబ్బా మూత తీసి చూసి, మళ్లీ పెట్టింది.

"నీ ఎంబడి నేనొస్త," అంది వందన.

"రాకు. నీ కాళ్లు మొక్కుత బిడ్డా, రాకు."

డప్పు కాగింది. రాయమల్లు దస్తి తలకు చుట్టుకుని బయటికి నడిచాడు. వాడ చివర మొదటి మూల సంపత్ కిరాణా కొట్టు. అక్కడే మొదటి చాటింపు. పొద్దు తంగేడు పువ్వులా పసుపుపచ్చగా కొట్టు రేకుల మీద పడి ఉంది. మనుషులు ఒక్కొక్కరే గడపల్లోకి వచ్చారు. అతను డప్పు మోగించాడు. అలవాటైన చేతులు వాటి పని అవి చేశాయి. గొంతు ఎత్తాడు.

"ఇనుండ్రి... ఇనుండ్రి..."

అక్కడ ఆగిపోయాడు. అక్కడ ఒక పేరు ఉండాలి. చాటింపు నేర్పేటప్పుడు తండ్రి మొట్టమొదట నేర్పింది అదే. ఎవ్వలి మాటనో ముందుగాల చెప్పాలె, అటెనుక సంగతి చెప్పాలె. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ వరస తప్పలేదు. తహసీల్దారు హుకుం, పశువుల డాక్టరు మాట, ఫలానా ఇంటివాళ్ల మేక. ఇప్పుడు నాలుక ఆ చోటికి వచ్చి, మెట్టు లేనిచోట కాలు వేసినట్టు తూలింది.

ఎలాగో దాటేశాడు. "రాయమల్లు ఇంటికి ఎవ్వలు ఉప్పు పప్పు అమ్మొద్దూ... పనికి పిలువద్దూ... మాట్లాడొద్దూ... మాట్లాడితే జుర్మానా..."

తన పేరు తన నోట అలా వినడం వింతగా ఉంది. ఎవరో చచ్చిపోయిన వాడి పేరులా వినిపించింది. సంపత్ తక్కెడ అలాగే గాలిలో పట్టుకుని ఉండిపోయాడు.

అరుగు మీద బుచ్చవ్వ కూర్చుని ఉంది. చెవులు సరిగా వినపడని ముసలామె. ఏ చాటింపు విన్నా ఆమె అడిగేది ఒకటే. ఇప్పుడూ అదే అడిగింది. "ఎవ్వలు చెప్పిండ్రు రాయమల్లూ?"

అతను డప్పు భుజం మీద సర్దుకున్నాడు.

"నిన్నేరా. ఎవ్వల మాట ఇది?"

అతను కాలి బొటనవేలు వైపు చూశాడు.

"ఎవ్వలు చెప్పకుంటె నువ్వే సాటుతున్నవా? నీ ఇంటికి నువ్వే బంద్ పెట్టుకుంటున్నవారా? కన్నబిడ్డకు బువ్వ పెట్టొద్దని ఊరందరికి నువ్వే చెప్పవడితివా? మతి పోయిందా నీకు?"

రాయమల్లును ఇంకో భయం పట్టుకుంది. సదానందం భయం కాదది. అంతకన్నా పాతదీ లోతైనదీ. పేరు చెప్పకపోతే ఈ మాట ఎవరిదీ కాకుండా పోదు. అతనిదే అవుతుంది. సదానందం మరచిపోవచ్చు, కమిటీ మారిపోవచ్చు, కానీ వందనకు అన్నం అమ్మొద్దని ఊరు తిరిగి చెప్పింది ఆమె బాపే అని ఈ గడపలు గుర్తుపెట్టుకుంటాయి. వందన గుర్తుపెట్టుకుంటుంది. రెండు భయాలు అతని ఛాతీలో ఒకదానినొకటి తోసుకున్నాయి. చిన్నది పక్కకు ఒరిగింది.

డప్పు మళ్లీ ఎత్తాడు.

"గ్రామాభివృద్ధి కమిటీ మాట! కమిటీ పెద్ద సదానందం పటేల్ మాట!" గొంతు పగిలి, మళ్లీ అతుక్కుని, పైకి లేచింది. "రాయమల్లు ఇంటికి ఎవ్వలు ఉప్పు పప్పు అమ్మొద్దూ..."

"గట్ల చెప్పు మరి," అంది బుచ్చవ్వ. ఆ తర్వాత సంగతి బుర్రకెక్కి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అక్కడి నుంచి అతను ఆగలేదు. ప్రతి మూలలోనూ మొదట పేరు, తర్వాత మాట. పొద్దున కుర్చీల్లో కూర్చున్న వాళ్లందరి పేర్లూ, ఇంటిపేర్లతో సహా, అలవాటు కొద్దీ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. పెద్ద బజారులోకి వచ్చేసరికి వెనక జనం పోగయ్యారు. ఆ జనంలో వందన కూడా ఉంది. రావద్దన్నా వచ్చింది. ఫోన్ గుండెల దగ్గర పట్టుకుని, వెలుగు కనబడకుండా చున్నీ కప్పుకుని నడుస్తోంది. రాయమల్లు ఆమెను చూశాడు. చూడనట్టు ముందుకు నడిచాడు. అతని చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

సదానందం ఇంటి ముందుకు వచ్చేసరికి గేటు తీసే ఉంది. అతను డప్పు ఎత్తి అన్నాడు. "కమిటీ పెద్ద... సదానందం పటేల్ మాట..."

సదానందం వరండాలోంచి లుంగీ ఎగగట్టుకుంటూ ఉరికొచ్చాడు. ముఖం ఇటుకలా ఎర్రగా ఉంది. "లం... కొడకా! పేరు చెప్పొద్దన్న గద రా! సాటుమన్నది నేనే, పేరు చెప్పొద్దన్నది సుత నేనే! ఏమిన్నవ్‌రా పొద్దుగాల?"

ఊరంతా విన్నది. కొడుకు వెనక నుంచి చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. "బాపు, లోపటికి రా. బాపు, ఫోన్లు..."

సదానందం అప్పుడు చూశాడు. ఒకటి కాదు. చున్నీ కింద వందన ఫోన్, సైకిల్ మీద ఒకడి ఫోన్, గోడ ఎక్కిన పిల్లల ఫోన్లు. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. రాయమల్లు డప్పు కొట్టడం ఆపలేదు. ఆపడం ఎలాగో ఆ క్షణాన అతనికి తెలియలేదు. వందన వచ్చి చెయ్యి పట్టుకున్నాకే డప్పు ఆగింది.

మర్నాడు వందన ఫిర్యాదు మీద పోలీసు జీపు వచ్చింది. మేం అలా అనలేదని కమిటీ అంది. వీడియో వేస్తే తలలు దించుకున్నారు. బంద్ లేదు, గిందు లేదు, అంతా ఉత్తదేనని మధ్యాహ్నానికి కబురు పంపారు. సంపత్ ఎప్పటిలాగే సత్తవ్వకు చక్కెర తూచి ఇచ్చాడు, కాకపోతే ఎవరైనా చూస్తున్నారా అని ఒకసారి బజారు వైపు తల తిప్పాడు. వందన ఇప్పుడు గల్లీ గల్లీ తిరిగి ఓటు అడుగుతోంది. కొన్ని తలుపులు తెరుచుకుంటున్నాయి, కొన్ని తెరుచుకోవడం లేదు.

రాయమల్లు మాత్రం చీకటి పడకముందే ఇంట్లో చేరిపోతున్నాడు. బండి చప్పుడైతే మాట మధ్యలో ఆగిపోతాడు, అది దూరమయ్యాకే మిగతా మాట అందుకుంటాడు. ఈ కథంతా నాకు చెప్పడానికి అతనికి ఒక సాయంత్రం పట్టింది. పట్టినంతలో సగం ఆగిపోయిన చోట్లే. సత్తవ్వ చాయ్ గ్లాసులు తీసుకుపోయింది. వందన ప్రచారం నుంచి ఇంకా రాలేదు. నేను సెలవు తీసుకుని లేస్తుంటే అతనూ లేచాడు.

"భయం పోయిందా అని అడుగుతున్నవ్ గద. యాడికి పోతది? పోయేటప్పుడు జర దర్వాజ దగ్గరికేసి పో. నేను లోపట్నించి గొళ్లెం పెట్టుకుంట. నా బిడ్డ కొట్టే సప్పుడు నాకెరికే. వేరేటోళ్లు కొడితే తియ్యను."