బోహుమిలా నీలిగీత దారి

టపా పంచే ఉద్యోగం చేసినన్నాళ్ళూ బోహుమిలా కాళ్ళకు ఆదివారం కూడా సెలవు దొరకలేదు. వారమంతా ఉత్తరాల సంచీతో ఊరు తిరగడం, ఆదివారం రంగు డబ్బాతో కొండ ఎక్కడం. భర్త ఒతకర్ తెల్లరంగు మోసేవాడు, ఆమె నీలం మోసేది. యెసెనీకి అనే కొండల్లో రైలు స్టేషను నుంచి శిఖరం దాకా తొమ్మిది కిలోమీటర్ల నడకదారి వాళ్ళిద్దరి పూచీ. జీతం లేదు, బత్తెం లేదు. నడకసంఘం రంగూ బ్రష్షులూ ఇచ్చేది, అంతే.

చెట్టు బెరడు గీకి, అరచేయంత మేర రెండు తెల్లగీతలు, మధ్యలో ఒక నీలిగీత వేయాలి. ఎక్కేవాళ్ళ కోసం ఒక వైపు, దిగేవాళ్ళ కోసం రెండో వైపు. ప్రతి గుర్తు దగ్గరా నాలుగడుగులు ముందుకు వేసి, వెనక్కి తిరిగి చూసుకోవాలి. సంఘంలో చేరిన కొత్తవాళ్ళకు బోహుమిలా మొదట నేర్పే పని అదే.

ఆ రోజుల్లో ఆదివారం రైలు కిటకిటలాడుతూ వచ్చేది. కర్మాగారాల వాళ్ళు, బడిపిల్లలు, కొత్త జంటలు దిగి వరసగా అడవిలోకి నడిచేవారు. దారి రెండుగా చీలే చోట ఒతకర్ స్ప్రూస్ చెట్ల చాటున నక్కి కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు ఆగకుండా, ఒకరినొకరు అడగకుండా కుడివైపు తిరిగితే భార్య వైపు చూసి కన్నుగీటేవాడు. "మనల్ని ఎవరూ తలుచుకోలేదు, పని కుదిరినట్టే," అనేవాడు.

ఒతకర్ పోయిన ఆరేళ్ళకు కొండకు బెరడు పురుగు పట్టింది. రెండు వేసవుల్లో స్ప్రూస్ చెట్లన్నీ ఎర్రబారి ఎండిపోయాయి. అటవీశాఖ వాళ్ళు కొట్టేశారు. నీలిగీతలతో సహా దుంగలు లారీలెక్కి వెళ్ళిపోయాయి.

ఆ మార్చిలో బీరుకొట్టు వెనక గదిలో సంఘం సమావేశం జరిగింది. నలభై ఏళ్ళ సేవకుగాను బోహుమిలాకు ప్రశంసాపత్రం ఇచ్చి, కోటుకు బ్యాడ్జీ పెట్టారు. పెట్టింది అధ్యక్షుడు రాడెక్, ఒకప్పుడు ఆమె దగ్గరే బ్రష్షు పట్టడం నేర్చుకున్నవాడు. చప్పట్లు ఆగగానే అతనే తరువాతి విషయం చదివాడు. నీలిగీత దారిని రద్దుచేసి, లోయలోని తారురోడ్డు మీదికి మార్చాలని ప్రతిపాదన.

"చెట్లే లేవు కదమ్మా, గుర్తులు గాలికి వేస్తామా?" అన్నాడు.

"గుంజలు పాతుతాను."

"డెబ్బై ఒకటో ఏటా?"

"నీకు యాభై నాలుగేగా అధ్యక్షా. నువ్వు పాతుతావా మరి?"

గదంతా గొల్లున నవ్వింది. చివరకు సెప్టెంబరు దాకా గడువిచ్చారు. అప్పుడు ఎవరో ఒకరు ఆ దారి నడిచి చూస్తారు, తప్పిపోకపోతే దారి ఉంటుంది.

ఆమె షెడ్డులో కూర్చుని నూట ఇరవై గుంజలకు రంగులు వేసింది. పాతే రోజుల్లో అడవి కూలీల జీపు ఒక విడత గుంజల్ని పైకి చేరవేసేది, సాయంత్రం ఆమెను వేరే బాటన ఇంటికి దించేది. ఆగస్టుకల్లా నరికేసిన కొండచరియ మీద, రాస్ప్‌బెర్రీ పొదల మధ్య, గుంజలు బారుగా నిలబడ్డాయి.

పరీక్షకు రాడెకే వచ్చాడు. పొద్దున బస్సులో శిఖరానికి చేరి కిందికి నడిచాడు. బోహుమిలా ఫ్లాస్కులో టీ పోసుకుని మధ్యాహ్నం నుంచి స్టేషను బెంచీ మీద కూర్చుంది. ఒంటిగంటకు రావలసిన మనిషి అయిదింటికి బస్సులో దిగాడు, అదీ పక్క లోయ నుంచి. మోకాళ్ళ దాకా బురద, చేతులనిండా ముళ్ళ గీతలు.

ఆమె పోసిచ్చిన టీ అతను గటగటా తాగాడు. తాగాక నెమ్మదిగా చెప్పాడు: "వెనక్కి తిరిగి చూస్తే గుర్తులు నిగనిగలాడుతున్నాయి బోహుమిలమ్మా. దిగేవాడికి మాత్రం ఉత్త కర్రలే."

ఆమెకు వెంటనే అర్థమైంది. షెడ్డులో ఒక వైపే రంగు వేసింది. రెండో వైపు పాతాక వేద్దామనుకుని, తరువాత మరిచేపోయింది. జీపులో దిగడంతో ఒక్క రోజూ ఆ దారిన కిందికి నడవలేదు.

"నేను కింది నుంచి ఎక్కానని రాస్తాలే," అన్నాడు రాడెక్. "ఎవరికి తెలుస్తుంది?"

"మంచు కమ్మిన రోజున దిగేవాడికి తెలుస్తుంది. ఉన్నదున్నట్టు రాయి. దారి ఉంచమను, మనిషిని మార్చమను."

"ఒక్క పొరపాటుకా?"

"పొరపాటు కాదు నాయనా. వెనక్కి తిరిగితే మోకాలు పీకుతోంది. అందుకే ఏ గుంజ దగ్గరా తిరిగి చూసుకోలేదు."

రాడెక్ అలాగే రాశాడు. సంఘం మొదట సణిగింది, తరువాత ఒప్పుకుంది. పక్క ఊరి బడిలో పనిచేసే హెద్వికా, ఆమె భర్త ఆ దారి తీసుకున్నారు. మంచు పడేలోపు గుంజల రెండో వైపు కూడా రంగు వేశారు. పటంలో నీలిగీత ఉన్నచోటే ఉంది.

మే నెలలో ఒక ఆదివారం తెల్లవారుతూనే బోహుమిలా చేతికర్ర పట్టుకుని ఒంటరిగా బయలుదేరింది. మోకాలు మొరాయించినా మెల్లగా ఎక్కింది. గీకవలసిందీ, రంగు వేయవలసిందీ ఏమీ లేకపోవడంతో పదిన్నరకే శిఖరం చేరింది. ఇన్నేళ్ళలో ఏనాడూ అయిదింటికి ముందు చేరింది లేదు. అప్పటికి ఎండ వాలిపోయి లోయంతా నీడలో ఉండేది. ఇప్పుడు కింద రైలుపట్టాలు, చర్చి గోపురం, తను ఉత్తరాలు పంచిన వీధులు ఎండలో విడివిడిగా కనిపించాయి. ఆమె రాతి మీద కూర్చుని, మధ్యాహ్నానికని తెచ్చుకున్న పందికొవ్వూ ఉల్లిపాయా పెట్టిన రొట్టెలు రెండూ అప్పుడే తినేసింది.